మార్కనెన్‌ను అమ్మాలా, ఆపుకోవాలా: యూటా జాజ్ ముందున్న బేరాలు

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2024-25 సీజన్‌లో యూటా జాజ్ 82 మ్యాచ్‌లు ఆడి 17 గెలిచింది, 65 ఓడింది. ఆ ఫ్రాంచైజీ చరిత్రలోనే అంతకంటే చెత్త సీజన్ లేదు. స్టాక్టన్, మలోన్ కలిసి 1997లోనూ 1998లోనూ ఫైనల్స్ దాకా లాక్కెళ్లిన జట్టు ఇది. ఇప్పుడు ఇందులో పక్క జట్లవాళ్లు ఫోన్ చేసి మరీ అడిగే ఆటగాడు ఒక్కడే, లౌరీ మార్కనెన్. ఇది రాస్తున్నది 2025-26 సీజన్ మొదలవబోయే ముందు, జట్లు ఆటగాళ్లని మార్చుకునే ట్రేడ్ గడువు 2026 ఫిబ్రవరి 5. ఈలోపు అతన్ని అమ్మాలా, అమ్మితే ఎంతకి, ఎవరికి, లేదంటే ఉంచుకుని అతని చుట్టూనే జట్టు కట్టాలా అని మా ఇంట్లో రెండేళ్లుగా వాదన నడుస్తోంది. మా అన్నయ్య జాజ్ ఊరు సాల్ట్ లేక్ సిటీకి దగ్గర్లో లీహైలో ఉంటాడు, అక్కడ రాత్రి ఏడుకి మొదలయ్యే మ్యాచ్‌ని నేనిక్కడ పొద్దున్నే ఏడున్నరకి కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తాను. "వాణ్ని కూడా అమ్మేస్తే ఇంక ఎవర్ని చూడ్డానికి వెళ్లాల్రా డెల్టా సెంటర్‌కి?" అంటాడు వాడు. జాజ్ సొంత మైదానం అది. నేను అమ్మాలనే అంటాను. కానీ ఎంతకైనా సరే అని కాదు, ఎలాగైనా సరే అని కాదు.

ముందు ఒక మాట. ఐపీఎల్ వేలం చూసి చూసి మనకి ఆటగాడి ధర అంటే కోట్లే గుర్తొస్తాయి. ఎన్‌బీఏలో ఆటగాణ్ణి డబ్బుతో కొనరు. కొనే జట్టు తన ఆటగాళ్లని, రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్ పిక్‌లని ఇవ్వాలి, అదీ రెండు వైపులా జీతాలు దాదాపు సరితూగేలా. పిక్ అంటే ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతు, ఎక్కువ ఓడిన జట్లకి ముందు వంతులు వస్తాయి. అందుకే వాడు మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు కొడతాడు అనే దాని కంటే వాడి కాంట్రాక్ట్ ఎంత, ఇంకా ఎన్నేళ్లుంది అన్నదే ధరని తేలుస్తుంది. చాలామంది అభిమానులు పప్పులో కాలేసేది ఇక్కడే.

ఎందుకో చూడండి. 2024 వేసవిలో బ్రూక్లిన్ నెట్స్ మికాల్ బ్రిడ్జెస్‌ని న్యూయార్క్ నిక్స్‌కి ఇచ్చి ఏకంగా ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక పిక్ మార్పిడి హక్కు (రెండు జట్ల పిక్‌లలో మెరుగైనది తీసుకునే వీలు) తీసుకుంది. 2025 జూన్‌లో మెంఫిస్ డెస్మండ్ బేన్‌ని ఒర్లాండోకి ఇచ్చి నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక మార్పిడి హక్కు, ఇద్దరు ఆటగాళ్లని తెచ్చుకుంది. ట్రేడ్‌కి ముందు సీజన్‌లో బ్రిడ్జెస్ సగటు 19.6 పాయింట్లు, బేన్ 19.2. మార్కనెన్ గత సీజన్ సగటు 19.0. ముగ్గురూ ఒక్కచోటే ఉన్నారు కదా, పైగా మార్కనెన్ 2023 ఆల్‌స్టార్, ఏడడుగుల మనిషి, మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేయగలడు, కాబట్టి మనకి కనీసం ఐదు పిక్‌లు రావాలి అని వాదించేవాళ్లు చాలామంది. నేనూ ఒకప్పుడు అదే అన్నాను.

ఇప్పుడు జీతాలు పక్కపక్కన పెట్టండి. ట్రేడ్ తర్వాతి సీజన్‌లో బ్రిడ్జెస్‌కి దాదాపు 2.33 కోట్ల డాలర్లు. బేన్‌కి 3.67 కోట్లు. మార్కనెన్‌కి ఈ సీజన్‌లో 4.64 కోట్లు, అంటే 15.46 కోట్ల డాలర్ల జీతాల పరిమితిలో సరిగ్గా 30 శాతం, అతని అనుభవం ఉన్నవాడికి రూల్ ప్రకారం ఇవ్వగలిగిన గరిష్ఠం. 2028-29 నాటికి అది 5.3 కోట్లు దాటుతుంది. దానికి తోడు బ్రిడ్జెస్ లీగ్‌లోకి వచ్చినప్పటి నుంచి ఒక్క మ్యాచ్ కూడా మిస్ కాలేదు. మార్కనెన్ జాజ్‌లో మొదటి ఏడాది 66, తర్వాత 55, గత సీజన్‌లో 47 మ్యాచ్‌లు ఆడాడు. ఆ 47లో కొంత జట్టు చేసుకున్నదే, ఆడగలిగిన ఆటగాణ్ణి కూర్చోబెట్టారని లీగ్ 2025 మార్చిలో జాజ్‌కి లక్ష డాలర్ల జరిమానా వేసింది కూడా. కానీ కొనేవాడు ఆ లెక్కలన్నీ విప్పి చూడడు, 47 అనే అంకెని పట్టుకుని బేరమాడతాడు.

నిజంగా పోల్చాల్సింది కార్ల్ ఆంథనీ టౌన్స్‌తో. ఏడడుగులు, బయటి నుంచి షాట్ వేయగలడు, ట్రేడ్ నాటికి 28 ఏళ్లు, చేతిలో నాలుగేళ్ల గరిష్ఠ కాంట్రాక్ట్. ఇప్పుడు మార్కనెన్ వయసు 28, కాంట్రాక్ట్ నాలుగేళ్లు. 2024 అక్టోబర్‌లో మినెసోటా టౌన్స్‌ని నిక్స్‌కి ఇస్తే ప్రధానంగా వచ్చింది జూలియస్ రాండల్, డాంటే డివిన్‌చెంజో, ఒకే ఒక్క ఫస్ట్ రౌండ్ పిక్. అది కూడా డెట్రాయిట్‌ది, షరతులతో, చివరికి 17వ స్థానంలో తేలింది. టౌన్స్ అప్పటికే నాలుగుసార్లు ఆల్‌స్టార్ అని గుర్తుపెట్టుకోండి. మినెసోటాకి జీతాల బరువు దించుకోవాల్సిన తొందర ఉంది, జాజ్‌కి ఆ తొందర లేదు, అది పెద్ద తేడానే. కాబట్టి మార్కనెన్ అసలు ధర బ్రిడ్జెస్ బేరానికీ టౌన్స్ బేరానికీ మధ్యలో, టౌన్స్ వైపుకి కాస్త దగ్గరగా ఉంటుందని నా లెక్క. ఇద్దరు వేలంపాటలా ఎగబడితే రెండు మూడు మంచి పిక్‌లు, ఒక కుర్రాడు. ఒక్కడే అడుగుతుంటే ఒక పిక్, జీతం సరిపెట్టడానికి ఇద్దరు ఆటగాళ్లు.

కొనేవాళ్లు ఎందుకింత జంకుతున్నారంటే లీగ్‌కీ ఆటగాళ్లకీ మధ్య 2023లో వచ్చిన కొత్త ఒప్పందం. జీతాల మీద రెండో ఏప్రన్ అని ఒక గీత గీశారు, ఈ సీజన్‌కి అది 20.78 కోట్ల డాలర్లు. దాన్ని దాటిన జట్టు ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోలేదు, ట్రేడ్‌లో నగదు పంపలేదు, ఏడేళ్ల తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్‌ని కదపలేదు. ఈ భయం లేని రోజుల్లోనే, 2022 జులైలో, ఇదే జాజ్ రూడీ గోబేర్‌ని మినెసోటాకి ఇచ్చి నాలుగు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక మార్పిడి హక్కు, అప్పుడే డ్రాఫ్ట్ అయిన వాకర్ కెస్లర్‌తో కలిపి ఐదుగురు ఆటగాళ్లని తెచ్చుకుంది. ఆ సెప్టెంబర్‌లోనే డోనవన్ మిచెల్‌ని క్లీవ్‌లాండ్‌కి ఇస్తే మూడు పిక్‌లు, రెండు మార్పిడి హక్కులు, కాలిన్ సెక్స్టన్, ఒచాయ్ అగ్బాజీ, వాళ్లతో పాటు మార్కనెన్ వచ్చారు. అప్పట్లో అతన్ని ఎవరూ పట్టించుకోలేదు. చికాగో, క్లీవ్‌లాండ్ రెండూ వదిలేసుకున్న ఆటగాడు, ఇక్కడికొచ్చిన మొదటి ఏడాదే 25.6 పాయింట్లు కొట్టి బాగా మెరుగుపడిన ఆటగాడి అవార్డు తీసుకున్నాడు, సొంత మైదానంలో జరిగిన ఆల్‌స్టార్ మ్యాచ్‌లో మొదటి ఐదుగురిలో ఆడాడు. నేను ఈ జట్టుని వదలకుండా చూడ్డం మొదలుపెట్టింది ఆ ఏడాదే. అమ్మాలని రాస్తున్నా వేలు సరిగ్గా కదలడం లేదు.

ఉంచుకుంటే ఏమవుతుంది

ఉంచుకోవాలనే వాదన చిన్నదేం కాదు. స్టార్‌ని తెచ్చుకోవడం కష్టం, సాల్ట్ లేక్ సిటీకి పెద్ద ఆటగాళ్లు వాళ్లంతట వాళ్లు రారు. మార్కనెన్ మాత్రం ఉండాలనుకున్నాడు. 2024లో అతను కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టిన తేదీ ఆగస్ట్ 7. ఒక్కరోజు ముందు పెట్టి ఉంటే ఆరు నెలల నిబంధన ప్రకారం ఫిబ్రవరి 6 ట్రేడ్ గడువు రోజుకి అతన్ని అమ్మడానికి వీలయ్యేది. ఒక్కరోజు ఆగి ఆ దారి మూసేశాడు. ఇలాంటి ఆటగాణ్ణి చిల్లరకి అమ్మేస్తే రేపు ఇంకొకడు ఈ ఊరిని ఎందుకు నమ్మాలి అని అన్నయ్య అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు.

ఆట సంగతి చెప్పనక్కర్లేదు. యూరప్ దేశాల పోటీ 2025 యూరోబాస్కెట్‌లో మార్కనెన్ దేశం ఫిన్‌లాండ్ సెమీఫైనల్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. దారిలో ప్రీ క్వార్టర్స్‌లో ఇంటికి పంపింది ఎవర్నో తెలుసా, ఎన్‌బీఏ సూపర్‌స్టార్ యోకిచ్ ఉన్న సెర్బియాని. ఆ మ్యాచ్‌లో మార్కనెన్ 29 పాయింట్లు కొట్టాడు. గెలవాలని ఆడే జట్టులో వాడెలా ఉంటాడో అక్కడ కనిపించింది.

కానీ చిక్కంతా అక్కడే ఉంది. వాడు గెలిపిస్తాడు. జాజ్ 2026 ఫస్ట్ రౌండ్ పిక్ మీద ఓక్లహోమా సిటీకి అప్పు ఉంది, పాత ట్రేడ్ తాలూకు. ఆ పిక్ మొదటి ఎనిమిది స్థానాల్లో వస్తే జాజ్‌దే, అప్పు కూడా రద్దు. తొమ్మిదో స్థానానికి జారిందంటే 2025 చాంపియన్ల ఒళ్లో పడుతుంది. మొదటి పిక్‌లు ఎవరికో తేల్చే లాటరీలో ఏ జట్టైనా తన స్థానం నుంచి మహా అయితే నాలుగు మెట్లు కిందకి పడుతుంది కాబట్టి, పిక్ చేజారకుండా పక్కాగా ఉండాలంటే కింది నుంచి మొదటి నాలుగు జట్లలో ఉండాలి. గత సీజన్‌లో అన్నింటికన్నా అడుగున ఉన్నా లాటరీలో ఐదో స్థానానికి పడిపోయాం, 1.8 శాతం అవకాశం ఉన్న డాలస్ అందరూ కోరుకున్న కుర్రాడు కూపర్ ఫ్లాగ్‌ని ఎగరేసుకుపోయింది, ఆ రోజు నాకు అన్నం సహించలేదు. 2026 డ్రాఫ్ట్ గురించి ఏడాదిగా చెప్పుకుంటున్నారు, అందులో మొదటి వరసలో ఉన్న ఏజే డిబాంట్సా ఆడబోయేది ఎక్కడో కాదు, పక్కనే ప్రోవోలో, బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీకి. కళ్లెదుట ఆడే కుర్రాణ్ణి తెచ్చుకునే అవకాశం, పాతిక పాయింట్లు కొట్టే స్టార్ గెలిపించే పది మ్యాచ్‌ల వల్ల పోవచ్చు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు, ఒకసారి జరిగింది. 2022-23లో జాజ్ మిచెల్‌నీ గోబేర్‌నీ అమ్మేసి అడుగుకి వెళ్లాలనుకుంది, మార్కనెన్ పుణ్యమా అని మొదటి 13 మ్యాచ్‌ల్లో 10 గెలిచింది. మేం పండగ చేసుకున్నాం. చివరికి 37 గెలుపులు, ప్లేఆఫ్స్ లేవు, తొమ్మిదో పిక్. ఆ డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ విక్టర్ వెంబన్యామా, శాన్ ఆంటోనియో స్పర్స్‌కి వెళ్లాడు.

ఇంకొకటి వయసు. జట్టులో మిగతావాళ్లని చూడండి, ఏస్ బెయిలీ, కీయాంటె జార్జ్, ఐజయా కొలియర్, కైల్ ఫిలిపోవ్‌స్కీ, కోడీ విలియమ్స్, అందరూ ఇరవై చుట్టూ ఉన్న పిల్లలు. వీళ్లు ప్లేఆఫ్ ఆటగాళ్లుగా తయారయ్యేసరికి మార్కనెన్‌కి 31, 32 వస్తాయి, కాంట్రాక్ట్ ఆఖరి ఏడాదిలో ఉంటుంది.

ఇంకొంచెం ఆగి అమ్మితే?

జాజ్ యాజమాన్యం ఇప్పటిదాకా చేస్తున్నది ఇదే అనిపిస్తోంది. ఈ ఏడాది బాగా ఆడనిద్దాం, సగటు మళ్లీ 25కి వెళితే ధర పెరుగుతుంది, 2026 వేసవిలో చూద్దాం అని. కొంతవరకు సరైనదే. గత సీజన్ అంకెలతో అమ్మితే నష్టానికి అమ్మినట్టే, మూడు పాయింట్ల షాట్లు 35 శాతం కూడా పడని ఏడాది అది. నవంబర్, డిసెంబర్ నెలల్లో వాడు తనలా ఆడితే చాలు, కొనేవాళ్ల గొంతు మారుతుంది.

ఫిబ్రవరి దాటి ఆగడం మాత్రం నాకు నచ్చదు, ఎందుకంటే ఆగినవాళ్ల కథలు చూశాం. వాషింగ్టన్ విజర్డ్స్ బ్రాడ్లీ బీల్‌ని ఏళ్ల తరబడి ఆపుకుంది. ఒకప్పుడు వాడు సగటున 31 పాయింట్లు కొట్టిన ఆటగాడు, అప్పుడు అడిగి ఉంటే ఎంతైనా ఇచ్చేవాళ్లు. 2022లో ఐదేళ్లకి 25.1 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చి, పైగా తన ఇష్టం లేకుండా ట్రేడ్ చేయకూడదనే హక్కు కూడా రాసిచ్చారు. ఏడాది తిరక్కుండా అమ్మాల్సి వస్తే క్రిస్ పాల్, లాండ్రీ షామెట్, కొన్ని సెకండ్ రౌండ్ పిక్‌లు, మార్పిడి హక్కులు వచ్చాయి, ఒక్క పూర్తి ఫస్ట్ రౌండ్ పిక్ కూడా రాలేదు. రెండేళ్లకి ఫీనిక్స్ కూడా డబ్బు ఎదురిచ్చి మరీ వాణ్ని వదిలించుకుంది. కాంట్రాక్ట్ మీద ఏళ్లు తగ్గే కొద్దీ ధర పెరుగుతుందని ఎవరైనా చెబితే బీల్ పేరు చెప్పండి.

పోర్ట్‌లాండ్ డేమియన్ లిలర్డ్‌ని అతను అడిగేదాకా ఆపింది. మయామీ తప్ప ఇంకెక్కడికీ వెళ్లనని అతను పట్టుబట్టినా వేసవంతా ఓర్చుకుని 2023 సెప్టెంబర్‌లో మిల్వాకీకి ఇచ్చింది. ఆ బేరంలో వచ్చిన జ్రూ హాలిడేని వెంటనే బోస్టన్‌కి తిప్పి ఇంకో రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు రాబట్టింది. ఓపికకి ఫలితం ఉంటుందని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. కానీ గమనించండి, ఓర్చుకున్నది మూడు నెలలు, మూడేళ్లు కాదు. 2025 ఏప్రిల్‌లో లిలర్డ్ మడమ వెనక ఎకిలీస్ నరం తెగింది, మిల్వాకీ అతన్ని వదిలేసి ఆ జీతాన్ని ఐదేళ్ల మీద పరుచుకుంది. గాయం ఎవరికి ఎప్పుడు తగులుతుందో తెలియదు, తగిలిన రోజు ఎవరి దగ్గర ఉన్నాడో వాళ్లే మోయాలి. గాలి ఉండగానే తూర్పారబట్టుకోవాలని మన రైతులు ఊరికే అనలేదు.

ఎవరికి అమ్మితే ఏమొస్తుంది

పిక్‌ల సంఖ్య చూసి మోసపోకండి, ఎవరి పిక్, ఏ ఏడాది పిక్ అన్నది చూడండి. నెట్స్‌కి బ్రిడ్జెస్ బేరంలో వచ్చిన మొదటి నిక్స్ పిక్ 26వ స్థానంలో తేలింది. బాగా ఆడే జట్టు ఇచ్చే దగ్గరి పిక్‌లు అలాగే ఉంటాయి. విలువంతా ఆ జట్టు ముసలిదయ్యాక వచ్చే పిక్‌లది. ఈ కిటుకు జాజ్ పెద్ద తల డానీ ఏంజ్‌కి తెలిసినంత ఎవరికీ తెలియదు. బోస్టన్‌లో ఉండగా 2013లో ఆయన పియర్స్‌నీ గార్నెట్‌నీ బ్రూక్లిన్‌కి ఇచ్చి తీసుకున్న పిక్‌ల నుంచే జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ వచ్చారు. అదే ఏంజ్ 2007లో మినెసోటా నుంచి గార్నెట్‌ని కొన్నప్పుడు ఐదుగురు ఆటగాళ్లని, రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లని ఇచ్చాడు. లెక్కకి ఏడు. బోస్టన్ మరుసటి ఏడాదే చాంపియన్ అయింది, మినెసోటా మళ్లీ ప్లేఆఫ్స్ మొహం చూసింది 2018లో. ఆ ఏడింటిలో నిజమైన సరుకు అల్ జెఫర్సన్ ఒక్కడే. ఏడొచ్చాయని సంతోషపడితే ఏమవుతుందో అక్కడ తెలిసింది. ఇప్పుడు నిర్ణయాలు చూస్తున్నది ఆయన కొడుకు ఆస్టిన్ ఏంజ్, 2025 జూన్‌లో పగ్గాలు తీసుకున్నాడు.

నా మొదటి ఎంపిక శాన్ ఆంటోనియో. డెవిన్ వాసెల్ జీతం 2.7 కోట్లు, హారిసన్ బార్న్స్‌ది 1.9 కోట్లు, కలిపితే 4.6 కోట్లు, మార్కనెన్ జీతానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. వెంబన్యామా పక్కన బయట నిలబడి షాట్ వేసే ఏడడుగుల మనిషి ఉంటే ఎదుటి జట్టు ఎవర్ని కాపలా కాయాలో తెలియక చస్తుంది. అన్నింటికీ మించి వాళ్ల దగ్గర అట్లాంటాది 2027 ఫస్ట్ రౌండ్ పిక్ ఉంది, ఏ షరతూ లేకుండా. నేను ఏంజ్ అయితే బార్న్స్, వాసెల్, ఆ అట్లాంటా పిక్, స్పర్స్ సొంత పిక్ ఒకటి, స్టెఫాన్ కాసిల్ ఇవ్వనంటే కార్టర్ బ్రయంట్‌ని అడుగుతాను. చిక్కేంటంటే 2027-28 నుంచి వెంబన్యామా గరిష్ఠ జీతం మొదలవ్వాలి, అప్పుడే మార్కనెన్ జీతం 5 కోట్లకి చేరుతుంది. వాళ్లు వెనకాడితే ఆ కారణంతోనే వెనకాడతారు.

డెట్రాయిట్ రెండోది. 14 గెలుపుల నుంచి 44కి ఎక్కిన జట్టు, కేడ్ కనింగ్‌హమ్ పక్కన షాట్ వేసేవాడు కావాలి, ఇవ్వడానికి సొంత పిక్‌లున్నాయి. టోబయస్ హారిస్ జీతం, ఈ ఏడాదే ముగిసే కాంట్రాక్ట్, బేరం మధ్యలో పెట్టొచ్చు. రాన్ హాలండ్ లేదా జేడెన్ ఐవీ రాకుండా మాత్రం ఒప్పుకోకూడదు. ఎందుకంటే కేడ్ వయసు 24, ఆ జట్టు ఇంకో ఏడెనిమిదేళ్లు బాగానే ఉంటుంది, వాళ్ల పిక్‌లు ఇరవైల్లోనే తేలతాయి. కాబట్టి అక్కడ పిక్‌ల కంటే కుర్రాడే ముఖ్యం.

గోల్డెన్ స్టేట్‌తో లెక్క తలకిందులు. 2024 వేసవిలో వాళ్లు గట్టిగా అడిగారని, వాళ్ల కుర్రాడు బ్రాండిన్ పోజెమ్‌స్కీ దగ్గర బేరం చెడిందని వార్తలొచ్చాయి. ఇప్పుడు జిమ్మీ బట్లర్ కూడా చేరాక జీతం సరిపెట్టాలంటే డ్రేమండ్ గ్రీన్ లాంటివాణ్ణి కదిలించాలి, అది జరిగే పని కాదనిపిస్తుంది. కానీ వాళ్ల పెద్ద స్టార్ కర్రీకి 37 దాటాయి. అతను రిటైర్ అయ్యాక వచ్చే గోల్డెన్ స్టేట్ పిక్‌లు బంగారం, అచ్చం 2013 బ్రూక్లిన్ పిక్‌ల్లాంటివి. జాజ్ 2025 జనవరిలో మూడు మామూలు పిక్‌లు ఫీనిక్స్‌కి ఇచ్చి 2031 ఫీనిక్స్ పిక్ ఒక్కటి తీసుకున్నది కూడా ఈ లెక్కతోనే. వాళ్లు అలాంటి దూరపు పిక్‌లు రెండు షరతుల్లేకుండా ఇస్తామంటే డెట్రాయిట్‌ని పక్కనపెట్టి వాళ్లకే ఇస్తాను.

అమ్మకూడని పరిస్థితి కూడా చెప్పాలి. ఫిబ్రవరి 5 నాటికి వచ్చిన మంచి బేరం ఒక్క పిక్, జీతం సరిపెట్టడానికి ఇద్దరు ఆటగాళ్లే అయితే వద్దు. ఉంచుకోండి. జాజ్‌కి జీతాలు మీరితే పడే పన్ను భయం లేదు, ఏప్రన్ భయం లేదు, వాడు ఈ ఊళ్లో ఉండాలనుకుంటున్నాడు, ఆ కాంట్రాక్ట్ ఎవరి గొంతు మీదా కత్తి కాదు. అప్పుడు పిక్ పోయినా పోనిచ్చి, వాణ్ని సీజన్ మొత్తం ఆడించండి, బెయిలీ లాంటి కుర్రాళ్లకి వాడి పక్కన ఆడ్డం నేర్పించండి. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి బెంచ్ మీద కూర్చోబెట్టి, టికెట్ కొని వచ్చిన పిల్లలకి ఖాళీ జెర్సీ చూపించే ఇంకో సీజన్ మాత్రం వద్దు. గత మార్చిలో అన్నయ్య వాడి కొడుకుని తీసుకెళ్లాడు, మార్కనెన్ పేరున్న జెర్సీ తొడిగి మరీ. ఆ రోజు మార్కనెన్ మామూలు బట్టల్లో బెంచ్ చివర కూర్చున్నాడు. పిల్లాడు నాలుగు క్వార్టర్లూ అటే చూస్తూ కూర్చున్నాడట.